నా అద్దంబిళ్ల చోటు

బెంగళూరు,
ఆదివారం పొద్దున.

నాయినా,

నీ బిడ్డ సుజాత దండం పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి, అమ్మ దగ్గు ఎట్లా ఉన్నాయి? పాన్‌గల్‌లో వాన పడిందా? ఫోన్ చెవిలో గుయ్యిమంటుందని నువ్వు మాట్లాడవు గనుక రాస్తున్నాను. అన్న చదివి వినిపిస్తాడు. అన్నా, నిన్ను తిట్టే ముక్కలు కూడా చదవాలి, దాటెయ్యకు!

ఇక్కడ రోజూ ముసురే. సాంబారులో బెల్లం వేస్తారు. జొన్నరొట్టె లేక నాలుక చచ్చిపోయింది. అయినా కడుపునిండా తింటున్నానని అమ్మకు చెప్పు. గిటార్ల కార్ఖానాలో నా పని ముత్యపుచిప్పను సన్నగా కోసి, కర్రలో గాడి తవ్వి, పువ్వులుగా పొదగడం. గట్టి జిగురు వేస్తాం. ఒకసారి కూర్చుంటే ఇక ఊడదు.

మొన్న అన్న ఫోన్‌లో, “ఎండకు మైనం కరిగి కిన్నెర మీది నీ అద్దంబిళ్ల రాలింది. ఏం పరేషాన్ గాకు, జిగురు తెచ్చి నేనే అతికిస్త” అన్నాడు. అప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. నువ్వు వాయించే ఆ కిన్నెర మీద ఇంట్లో ఎవరి బిళ్ల వాళ్లే కదా పెట్టాలి! సొరబుర్ర మీద అమ్మ గవ్వ అమ్మే పెట్టింది, అన్న పూస అన్నే పెట్టాడు. రాలితే మైనం వెచ్చబెట్టి ఎవరిది వాళ్లే మళ్లీ పెట్టుకోవాలి. మేనత్త పోయాక ఆమె గవ్వ రాలితే, “ఇగ పెట్టేటోళ్లు లేరు బిడ్డా” అని నువ్వు ఆ చోటు మైనంతో పూడ్చేశావు. ఆ నున్నటి చోటే నా కళ్లలో మెదులుతోంది. నిన్న రెండు చిప్పపువ్వులు విరగ్గొట్టాను. పక్కన కూర్చునే రాయచూరు అక్క, “ఏందమ్మా, మనిషి ఈడ, పానం ఏడ?” అని నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

నాయినా, నేను పనికి వచ్చాను, అంతే. ఇల్లు వదిలిపోలేదు.

అన్నను జిగురు ముట్టనియ్యకు. బిళ్లను అమ్మ పోపుల డబ్బాలో దాచమను. బిళ్ల రాలిన నా గుంత పూడ్చకు, గుంతగానే ఉండనీ. ఓనరు సెలవు ఇస్తానంటాడు, ఎప్పుడో చెప్పడు. ఇచ్చినా ఇవ్వకపోయినా దసరాకు వస్తాను. తేనెమైనం కొంచెం ఉంచు. వదినకు ఇంకా బిళ్ల లేదు కదా, చిప్పముక్క ఒకటి తెస్తున్నాను. తన చేత్తోనే పెట్టుకుంటుంది.

అవ్వకు నా దండాలు. నీ చెయ్యి నా తల మీద ఉందనుకుని రేపు పనికి పోతాను.

నీ బిడ్డ,
సుజాత

అన్నా, ఈ ముక్క మాత్రం పైకి చదవకు. ఇప్పటికే అతికించేసి ఉంటే, నాయిన చూడకముందే మెల్లగా ఊడదీసి గుంత ఖాళీగా పెట్టు. పగిలినా పర్వాలేదు, ముక్కలు దాచు. తిట్టను. ఒట్టు.