జడలో ఎదురు మెలిక

మంగళవారం, రాత్రి

జడపాయల్లా మెలికలేసి అల్లే జడల స్వెట్టరు వీపు భాగం భుజాల దాకా వచ్చింది. చలి మొదలయ్యేలోపు కువైట్‌లో ఆయనకు అందాలి. ఎడారిలో చలేమిటని ఇక్కడందరూ నవ్వుతారు. నైట్ డ్యూటీ చేసేవాళ్లకి తెలుస్తుంది.

పొద్దున అరుగు మీద అల్లుతుంటే అత్తయ్యగారు లోపల మంచం మీంచే అన్నారు, "అమ్మాయ్, ఆ మధ్య జడలో ఒక మెలిక ఎదురు తిరిగిందేంటమ్మా?"

నిజమే, తప్పాను. కానీ నా చేతులు ఆగింది అందుకు కాదు. కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆవిడ "బానే ఉందమ్మా" అనడమే తప్ప అంతకుముందు రోజూ పట్టే కొక్కెం లేసు సూది ముట్టలేదు. చూపు రాలేదేమో, మాకు చెప్పడం లేదేమో అని లోపల పీకుతూనే ఉంది.

"మొత్తం విప్పేయాలేమోనండీ," అన్నాను.

"ఎందుకమ్మా. ఆ జడ కుట్లు మటుకు మెలిక దాకా జార్చి లేసు సూదితో మళ్లీ పైకి ఎక్కిస్తే సరిపోద్ది. ఇలా తే."

ఆవిడే ఎక్కించేరు. తర్వాత నేను మేజోళ్ల కోసం పోగేసుకున్న నూలు డబ్బా ముందేసుకుని, నల్ల ఉండల మధ్య నుంచి నేరేడు రంగుది ఏరి తీసేరు.

"ఇది నాకు."

డబ్బా మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉండ అది. దాని కొస వెతికి ఆవిడ చేతికి అందించాను.