మాలలో ఉన్న సామి షీటులో నేను వేసిన ‘లేదు’

ఆసుపత్రి సూపరింటెండెంట్ గారి సముఖమునకు,
తిరుపతి.

అయ్యా,

విషయం: మా బావ ధనంజయ గుండె షీటులో నేను చేసిన తప్పును సరిదిద్ది, ఆయనను మరల పిలిపించుట గురించి.

అత్యవసర విభాగంలో కేసు షీట్లు రాయు మునికుమార్ అను నేను విన్నవించుకొనునది:

1. డిసెంబరు 9 ఉదయం మా బావ, తిరుచానూరులో లాడ్జి వ్యాను డ్రైవరు, వయసు 52, ఛాతీనొప్పితో వచ్చియున్నారు. ఇ.సి.జి. బాగున్నది. ఇంటికి పంపేముందు, రాబోయే పదేండ్లలో గుండెజబ్బు వచ్చు అవకాశం ఎంతో లెక్కగట్టు షీటు నింపవలసియున్నది.

2. సదరు షీటులో ‘పొగ తాగుట’ అను గడి రాగా, నర్సు కృపామణి గారు ఆయనను అడిగిరి. ఆయన నా వైపు చూసినారు. అప్పుడాయన అయ్యప్ప మాలలో ఉండిరి. పక్కనే మా అక్క భారతమ్మ.

“మాలలో ఉండే సామిని అట్ల అడుగుతారా సిస్టరూ?” అని కసిరి, ‘లేదు’ అని వేసితిని.

“ఈ నలభై దినాల మాట కాదన్నా, అంతకు ముందుది అడగాల,” అని ఆమె చెప్పినా వినలేదు.

3. అంతకు ముందుది నాకు తెలియనిది కాదు. పోయిన ఏడాది మాలతోనే బావ సిగరెట్టు మానేశాడని అక్క నమ్మకం. ఆ మాల తీసిన మర్నాడే మా వీధి టీ అంగడి వెనక ఇద్దరం కలిసి వెలిగించాం. అప్పటినుంచి ఈ ఏడు మాల వేసేదాకా రోజుకొక పెట్టె. అక్క ముందు ఆ ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. మాల మీద భక్తి అని కసిరాను గానీ, అది భయం.

4. నా ‘లేదు’తో ‘ముప్పు తక్కువ’ అని వచ్చింది. గుండె డాక్టరు దగ్గరికి పంపలేదు. శబరిమల నుంచి వచ్చి మాల తీయగానే బావ మళ్ళీ మొదలుపెట్టాడు. వద్దంటే, “పదేండ్లకు గ్యారంటీ ఇచ్చినారు గదప్పా మీ ఆసుపత్రోళ్ళు! నువ్వే గదా రాసినావు?” అంటాడు. మొన్న యాత్రికుల పెట్టెలు ఎత్తుతూ ఛాతీ పట్టుకున్నాడు. “గ్యాసప్పా,” అన్నాడు.

5. మాలలో వచ్చిన మరి పదకొండు మందికి కూడా అడగకుండానే ‘లేదు’ వేసితిని. వారి షీట్ల నంబర్లు జతపరచడమైనది.

కావున అందరినీ పిలిపించి, లెక్క మరల కట్టించి, నాపై తగు చర్య తీసుకొనవలెను. ఆలస్యం లేకుండా ఈ విన్నపం చిత్తగించవలెనని వేడుకొను,

తమ విధేయుడు,
మునికుమార్

తా.క.: బావను పిలిచే ఉత్తరం అక్క పేరున పంపండి, బావ చేతికిస్తే చింపేస్తాడు. తప్పు రాసింది ఎవరో అందులో వేయవద్దని మొదట రాసి, కొట్టేశాను. వేయండి సార్. అక్క నన్ను ఈ జన్మలో గడప తొక్కనీయకపోయినా సరే, బావను మాత్రం ఈ వారంలోనే పిలిపించండి.