సుగుణ పేరు చెక్కిన డబ్బా

జడ్చర్ల నుంచి

సుగుణక్కకు తమ్ముడు యాదగిరి మొక్కులు. బాపు దగ్గు తగ్గిందా? అవ్వ కండ్లల్లో మందు వేసుకుంటుందా? బర్రె ఈనిందా? నేను ఇక్కడ మంచిగానే ఉన్నాను, ఫికర్ చేయకు.

ఈ ఉత్తరం బాపు ముందట పైకి చదవకు. ముందు నువ్వొక్కదానివే చదువుకో. ఎప్పుడూ ఉత్తరం రాసి సత్తెయ్య బావకిస్తాను కదా, పోస్టులో వేయమని. ఇది ఇవ్వలేదు. నేనే స్టేషన్ దాకా నడిచిపోయి వేస్తున్నాను.

సినిమా హాలు పని అలవాటైంది. ఎండకు రేకులు కాలి లోపల పొయ్యిలాగా ఉంటుంది. తెర వెనకనే పండుకుంటాను. హోటల్ పప్పు నీళ్లలాగా ఉంటుంది. నీ పచ్చిపులుసు మతికొస్తే ఏడుపొస్తుంది. కానీ బాగానే తింటున్నాను, ఫికర్ చేయకు.

బావ మిషన్ నడుపుతాడు, స్లైడ్లు నావి. లోపల ఉన్న మనిషిని ఎవరైనా పిలవాలంటే, గాజు పలకకు మసి పట్టించి పుల్లతో పేరు రాసి, 'బయటికి రావలెను' అని ఇంటర్వెల్లో తెర మీద వేస్తాను. పలకను తలకిందులుగా పెట్టాలని తెలియక మొదటిరోజు హాలంతా ఈలలు వేయించుకున్నాను.

ఇక అసలు సంగతి. ప్రతి శుక్రవారం మ్యాట్నీకి బావ నాతో ఒకటే రాయిస్తాడు. 'ఆత్మకూర్ నర్సింహ బయటికి రావలెను.' అది వేయగానే, "జర మిషన్ చూడు యాదగిరీ, చాయ్ తాగొస్త" అని దిగిపోతాడు. వచ్చినాక మళ్లీ నాతోనే చాయ్ తెప్పించుకుంటాడు. చాయ్ తాగినోడికి చాయ్ ఎందుకక్కా?

గేటు దగ్గరుండే ఖాజా చాచాను అడిగాను.

"నర్సింహ బయటికొచ్చిండా చాచా?"

"ఏ నర్సింహ బేటా? ఒక్క మొగోడు రాలే."

"మరి గా స్లైడు ఎవలికి?"

"ఆడోళ్ల గేటు కాడికి పోయి అడుగు. నీ బావనేనాయె, నన్నడుగుతవేంది?" అని నవ్వాడు.

ఇంకోటి. నువ్వు బావకని పంపిన సకినాలు నాకు ఒక్కటి దక్కలేదు. అడిగితే, చాచాకు పంచిపెట్టిన అన్నాడు బావ. చాచానేమో, "సకినాలా? వాసన గూడ సూడలే" అన్నాడు. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు.

మొన్న శుక్రవారం బావ హైదరాబాద్ పోతే వేరే ఆపరేటర్ వచ్చాడు. ఎవరికీ చెప్పకుండా అదే స్లైడు వేసి, ఆడవాళ్ల గేటు బయట నిలబడ్డాను. ఒకామె వచ్చింది. బస్టాండు వెనక బట్టలు కుట్టే పద్మ. చేతిలో నువ్వు సకినాలు పంపిన స్టీలు డబ్బా. మూత మీద చెక్కిన నీ పేరు.

ఆడవాళ్లతో మాట్లాడాలంటే నాకు సిగ్గు, నీకు తెలుసు. ఆమెనే అడిగింది.

"ఆయన రాలేదా? నువ్వెవలు పిలగా?"

"బామ్మర్దిని."

"ఎవలికి?"

"సత్తెయ్య బావకు. మా అక్కతోని లగ్గం ఖాయమైంది."

ఆమె మూత మీద వేలు పెట్టింది. "మరి గీ సుగుణ ఎవలు?"

"మా అక్కనే."

"చెల్లె అని చెప్పిండు. చెల్లె పంపిందంటేనే తిన్న."

అక్కా, నిన్ను చెల్లె అన్నాడట.

ఆమె ఏడవలేదు. పక్క కొట్టుకు పోయి, డబ్బాలో పిరికెడు చక్కెర పోయించుకొచ్చి నా చేతిలో పెట్టింది. "డబ్బా ఖాళీగ పంపొద్దు. మీ అక్కకియ్యి" అంది. మిగిలిన సినిమా చూడకుండానే పోయింది.

ఆమె చెప్పింది అబద్ధమేమో అని కూడా అనుకున్నాను. కానీ డబ్బా మన ఇంటిదే కదా. బావ వచ్చినప్పటి నుంచి నన్ను అదో తీరు చూస్తున్నాడు. నేను మిషన్ దిక్కే చూస్తున్నాను.

పసుపు దంచకముందే బాపును తీసుకొని ఒక శుక్రవారం మ్యాట్నీకి రా. ఆడవాళ్ల గేటు దగ్గర నిలబడు, డబ్బా నీ చేతికిస్తాను. ఆ రోజు నర్సింహ పేరు రాయను. 'కేతేపల్లి సుగుణ వచ్చింది, సత్తెయ్య బయటికి రావలెను' అని రాస్తాను. ఏం చెప్తాడో నీకే చెప్పనీ.

వచ్చేటప్పుడు జర మామిడి తొక్కు తే. అవ్వకు, బాపుకు దండాలు. నాకు భయమవుతుంది, నన్ను దీవించక్కా.

నీ తమ్ముడు
యాదగిరి

చక్కెర నేను తినలేదు. చీమలు పట్టకుండా మూత గట్టిగా పెట్టాను.