అప్పాల డబ్బా

12 జూలై 1999

ర్యాంకు వచ్చిన దగ్గర్నుంచీ ఇంటికొచ్చిన వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ఏ బ్రాంచి? ఇవాళ సివిల్ అన్నాను. వాసంతి పిన్ని పకపకా నవ్వింది. బంగారంలా చదివే పిల్లవి, మేస్త్రీ పని నేర్చుకుంటావుటే అంది. నాన్న అక్కడే ఉన్నారు. ఆయన ఇరిగేషన్‌లో సివిల్ ఇంజనీరే. పేపరు అడ్డం పెట్టుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న తరఫున నేను ఒక్క మాట అనొచ్చుగా! అనలేదు. పిన్నితో పాటు నేనూ నవ్వాను.

నిజానికి నాకు సివిలే ఇష్టం. డ్రాయింగ్ వేస్తూ కూర్చుంటే అన్నం కూడా గుర్తుండదు. నా ర్యాంకుకి కాకినాడలో సివిల్ వస్తుంది. పెద్దమ్మ ఇల్లు ఆ కాలేజీకి దగ్గరే. ఇంకేం కావాలి?

15 జూలై

ఉదయ్ భాస్కర్ బావ సైబర్ టవర్స్ చూపించాడు. అబ్బో! ఎటు చూసినా అద్దాలే. లోపల చలి. అందరి మెళ్లో కార్డులు. సివిల్ వాళ్లు ఇక్కడేం చేస్తారు బావా అని అడిగాను. కట్టేసి వెళ్లిపోతారు అన్నాడు.

పక్కనే కొత్తగా ఒక ప్రైవేటు కాలేజీ పెట్టారట. కంప్యూటర్ సైన్స్ ఉందట. మూడో అంతస్తు కిటికీలోంచి ఈ టవర్ కనిపిస్తుందట. ఇంటర్వ్యూకి నడిచి వచ్చెయ్యొచ్చట.

ఇంటికొచ్చి నా బస్ పాస్‌కి రిబ్బన్ కట్టి, మెళ్లో వేసుకుని, అద్దంలో చూసుకున్నాను. నా మొహం!

20 జూలై

కనకలక్ష్మి వచ్చింది మాదాపూర్ నుంచి. ఇంటర్ రెండేళ్లూ నా పక్క సీటు. నాకు ఇంటిగ్రేషన్ వచ్చిందంటే దాని పుణ్యమే. వాళ్లమ్మకి పక్షవాతం. లేపేదీ, నడిపించేదీ, తినిపించేదీ ఇదే. వాళ్ల నాయన ఐలయ్య గారు తెగేసి చెప్పారట. హాస్టల్ మాట ఎత్తొద్దు, మాపటికి ఇంట్ల ఉండాలె, గట్లయితేనే ఇంజనీరింగ్ అని. అంటే దానికి ఉన్నది ఆ టవర్ పక్క కాలేజీ ఒక్కటే. ఇంటి నుంచి నడిచి పోవచ్చు. సీటు దొరుకుతదో లేదో, మస్తు పరేషాన్ గున్నదే అంది.

నా ర్యాంకు వెనకే దాని ర్యాంకు. నీ ముందు నేనేగా, నేను కాకినాడ పోతున్నా, నా వల్ల నీకేం అడ్డం లేదు అన్నాను. ఎవరూ అడక్కుండా నేనే అన్నాను.

స్టీలు డబ్బా నిండా అప్పాలు తెచ్చింది. మేం చెక్కలంటాం. గౌతమి రైల్ల తినుకుంట పో అంది. డబ్బా మీద వాళ్లమ్మ పేరు చెక్కి ఉంది, వెంకటలక్ష్మి అని. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదే, ఏదో ఒకటి చేసి పెట్టిద్దాం అంది అమ్మ.

23 జూలై, ఉదయం

ఇవాళే కౌన్సెలింగ్. వెళ్లొచ్చి రాస్తా.

23 జూలై, సాయంత్రం

రాయను.

24 జూలై

రాస్తాను. ఎవరితో చెప్పుకోను?

హాల్లో పెద్ద తెర. ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు మిగిలాయో పడుతున్నాయి. ఆ కాలేజీ కంప్యూటర్స్‌లో ఆడపిల్లల సీటు ఒక్కటే ఉంది. నా తర్వాత పిలిచేది కనకనే. కంప్యూటర్ ముందున్నతను ఏం కావాలమ్మా అన్నాడు. వెనక వరసలో ఒకాయన కొడుకుని కసురుతున్నాడు, సివిలా, సిగ్గులేదూ అని. నేను కాకినాడ అందామనే నోరు తెరిచాను. ఇంకోటి వచ్చింది. నాన్న నా వైపు చూసి, నిజంగానే అమ్మా అన్నారు. తలూపాను. తెర మీద ఒకటి పోయి సున్నా పడింది.

గుమ్మం దగ్గర కనక. కాకినాడేనా అంది. ఊఁ అన్నాను. నాన్న విన్నారు. వెళ్లి స్కూటర్ తీశారు. నేను సివిల్ వద్దన్నదీ ఆయన ముందే కదా.

27 జూలై

కనక ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. సీటు దొరకలేదంది. ఇంటి దగ్గర డిగ్రీల చేరతనంది. ఎవరో ఆడపిల్లనే తీసుకున్నదంట, పాపం ఆమెకేం తిప్పలున్నయో అంది. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. బండి ఎప్పుడని అడిగింది. వచ్చే వారం అన్నాను.

ఛీ.

11 సెప్టెంబర్

కాలేజీలో గదులకి ఇంకా తలుపుల్లేవు. ల్యాబ్‌లో కంప్యూటర్ల మీద దుప్పట్లు కప్పి ఉంచారు. చెప్పులు విప్పి వెళ్లి, చూసి రావాలి. ప్రోగ్రాములన్నీ బోర్డు మీదే. నాకు ఒక్క ముక్క ఎక్కట్లేదు. కనకయితే పావుగంటలో చెప్పేసేది. నేను నోట్సు చివర డ్యాం గేట్లు గీస్తున్నా.

టవర్ బాగానే కనిపిస్తుంది. రెండు రోజులు చూశాను.

కాలేజీ బస్సు మాదాపూర్ ఊళ్లోంచి, సరిగ్గా కనక వాళ్లింటి ముందు నుంచి పోతుంది. అక్కడికి రాగానే చెప్పు సర్దుకుంటున్నట్టు తల వంచేస్తా. రోజూ.

10 అక్టోబర్

పెద్దమ్మ కాకినాడ కాజాలు పంపింది. అమ్మ ఆ డబ్బా తీసి కడిగింది. వీటిని పెట్టి కనకకి ఇచ్చిరావే, ఎన్నాళ్లుంచుకుంటాం అంది. అమ్మకి పాపం ఏమీ తెలీదు.

నా బుర్రలో పురుగు తొలిచింది. దసరా సెలవులకి వచ్చానని చెప్పొచ్చు. కాకినాడ నుంచి తెచ్చానని ఇవ్వొచ్చు.

16 అక్టోబర్

ఇచ్చొచ్చాను.

వాళ్లమ్మ మంచం మీద కూర్చుని ఉంది. మాట కాస్త ముద్దగా వస్తోంది. నా చెయ్యి పట్టుకుని, కాకినాడల సముద్రం ఉంటదట గద బిడ్డా అంది. ఉంటుంది అన్నాను. మంచిగ సదువుకో అంది. కనక చాయ్ ఇచ్చింది. వాళ్లమ్మ దిండు సర్దింది.

నేను బయల్దేరుతుంటే డబ్బా తీసుకుని లోపలికెళ్లింది. డబ్బా, ఒక కాగితం పట్టుకుని అరుగు మీదికొచ్చింది. కాజాలన్నీ అందులో పోసి కట్టేసింది. నా చేతిలో పెట్టింది. మా అమ్మ డబ్బా మాకు చాలు అంది. మెల్లగానే అంది, లోపలికి వినపడకుండా. తర్వాత, రోజు గట్ల తల వంచకు, మెడ నొస్తది అంది.

భూమి చీలితే బాగుండుననిపించింది. అంటే ఎన్నాళ్లుగా చూస్తోంది?

25 అక్టోబర్

సెలవులు అయిపోయాయి. ఇవాళ బస్సులో తల వంచలేదు. కనక అరుగు మీద వాళ్లమ్మని నడిపిస్తోంది. ఇటు చూడలేదు.