గట్టు లేని చేను

బావా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ మన మిరప చేను కొలవడానికి రీసర్వేవాళ్ళు వచ్చారు. "హద్దు ఎక్కడండీ, చూపించండి" అని నన్నడిగారు. హద్దురాయి ఎప్పుడో పోయింది, గట్టు మొన్నటి వానలకు కరిగిపోయింది.

అద్దంకి కాలేజీలో నేను చెప్పే పాఠం నీకు నచ్చేది కాదు. విశ్వానికి అంతుందో లేదో ఎవరికీ తెలియదంటే, "గట్టు లేని చేను ఎక్కడన్నా ఉంటుందా? ఉంటే అవతలిది ఎవడిది?" అని దబాయించేవాడివి.

చివరికి పక్క చేను ఖాసిం వచ్చి, "అన్న ఏటా నాగలితో మొదటి సాలు ఇక్కడే తోలేవాడు వదినా" అంటూ కాలితో గీత గీశాడు. రెండడుగులు మన వైపు జరిగి గీశాడేమోనని అనుమానం వచ్చింది నాకు, నీ పాడె మోసిన మనిషి మీద. ఆ గీతే హద్దని సంతకం పెట్టేశాను.

గెలాక్సీలు నడిచి వెళ్ళవు, వాటి మధ్య చోటే పెరుగుతుందని చెప్తే, పెళ్ళైన కొత్తలో నువ్వు అడిగావు, "మనిద్దరి మధ్య కూడానా?" అని. దగ్గరగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నవాటి మధ్య పెరగదన్నాను.

పాఠంలో తప్పేమీ లేదు బావా. కానీ ఏటా పక్కనే నిలబడి చూసిన నీ మొదటి సాలు ఎక్కడ మొదలయ్యేదో, ఏడాది తిరక్కుండానే నాకు గుర్తు రాలేదు.