కుంకుమ భరిణ, కొత్త రెగ్యులేటర్

అన్నా,

మునిగినవాళ్లను వెతకడానికి నువ్వు చివరిదాకా అడిగిన, నీళ్లలో నోటికి గాలి అందించే కొత్త రెగ్యులేటర్ ఇవాళ ఘాట్‌కి వచ్చింది. దాన్ని గాలి సిలిండర్‌కి బిగించబోతుంటే బాబాయి కుంకుమ భరిణతో వచ్చాడు.

"ఆగరా. బొట్టు పెట్టందే కృష్ణలోకి దించేది లేదు."

"లోపలికి పొడి పోద్ది బాబాయ్. గాలి ఆగిపోద్ది."

"నాస్తికుల కరపత్రాలు చదివి నాకు చెప్పొచ్చావా? మీ అన్న మిషనుకి ప్రతి దసరాకీ నేనే పెట్టేవాణ్ణి."

నీ ప్రాణం తీసిన పాతదాన్ని నిన్ననే విప్పాను. గాలి లోపలికెళ్లే జల్లెడ నిండా ఎర్రటి పొడి. కొత్తది ఇవ్వకే నువ్వు పోయావని ఏడాదిగా నేను ఆఫీసువాళ్ల మీదే అరుస్తున్నాను.

కొత్తదాన్ని బిగించి, వాల్వ్ మెల్లగా తిప్పి, గట్టిగా పీల్చి చూశాను. గాలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు వణకలేదు; గాలి సాఫీగా వస్తోంది. బాబాయి భరిణ మూత తీసి, కుంకుమ వేలితో దాని మీదికి వంగాడు.

తల వంచాను.

"దానికొద్దు, నాకు పెట్టు బాబాయ్."