గురువారం చెప్పిన మాట

కాజీపల్లి,
12-7-2002.

ప్రియమైన సౌభాగ్యక్కకు,

నీ చెల్లెలు దయావతి రాస్తున్నది. పిల్లలు ఇళ్లకు వెళ్లాక అంగన్‌వాడీ గదిలోనే కూర్చుని రాస్తున్నాను. ఇంట్లో అత్తమ్మ ఉంటుంది. ఈ ఉత్తరం ఆమె ముందు రాయలేను.

రెండు నెలలుగా ప్రతి గురువారం మా చర్చి పక్క షెడ్డులో ఆడవాళ్ల కూటం జరుగుతున్నది. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున నాగరత్నం మేడమ్ పటాన్‌చెరు నుంచి వస్తుంది. అందరం చాపల మీద గుండ్రంగా కూర్చుంటాం. మనసులో బరువున్నవాళ్లు చెప్పుకోవాలి, మిగతావాళ్లు అడ్డం రాకుండా వినాలి, అంతే. డాక్టరు అవసరమైనవాళ్లను మేడమే వెంటబెట్టుకుని తీసుకెళ్తుంది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను పిలుచుకురావడం నా పని. అందరినీ మాట్లాడమంటాను గానీ, నేను ఇంతవరకు నోరు తెరవలేదు.

మొన్న సత్తెమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె భర్త జంగయ్య మందుల కంపెనీలో చేసేవాడు. చేతులు కాలినప్పటి నుంచి పనికి పోవడం లేదు. నేను వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. సత్తెమ్మ బియ్యం చెరుగుతూ, "సూడు టీచరమ్మా, పుండ్లు మానినయి, మనిషి లేస్తలేడు. బుక్కెడు తింటలేడు. నాకు బతకబుద్ధయితలేదు, బతకబుద్ధయితలేదు అని రోజు గదే మాట. పరేషాన్ జేస్తున్నడు" అంది.

మా ఏలీయా అన్నదీ అదే మాట.

అక్కా, నాలుగేళ్లుగా నీ దగ్గర కూడా దాచాను. నీ మరిది ఏలీయా కాలుజారి చెరువులో పడలేదు. పోవడానికి ఆరు నెలల ముందు నుంచే అతను మామూలుగా లేడు. డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని ఏడ్చేవాడు. నేను ప్రార్థనలు చేయించాను, బతిమాలాను, తిట్టాను. ఆ రోజు పొద్దున సద్ది డబ్బా చేతికిస్తుంటే, "దయా, నాకు బతకబుద్ధయితలేదు" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "రోజు గిదే పాటనా? సావాలనుంటే సావు. బస్సు పోతది, జల్దీ నడువు" అన్నాను. డబ్బా తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వెతుక్కుంటూ వెళ్తే చెరువు గట్టు మీద అతని చెప్పులు కనిపించాయి. ఒకదాని పక్కన ఒకటి, పొందిగ్గా విడిచి ఉన్నాయి. మొదట చూసింది నేనే. ఎవరూ రాకముందే ఒక చెప్పును నీళ్లలోకి విసిరేశాను. కాళ్లు కడుక్కోబోయి జారిపడ్డాడని అందరికీ చెప్పాను. తనంతట తాను పోయాడంటే చర్చి సంఘంవాళ్లు సమాధుల తోటలో చోటివ్వరేమోనని భయం. అత్తమ్మ ఆ మాట నమ్మే బతుకుతున్నది.

ఇప్పుడిది కూటంలో చెప్పేయాలని ఉంది. కానీ అత్తమ్మ కూడా అక్కడికి వస్తుంది. ఏం చేయమంటావో వెంటనే రాయి.

నీ చెల్లెలు,
దయావతి

కాజీపల్లి,
29-7-2002.

సౌభాగ్యక్కకు,

నీ జవాబు అందింది. పోయినవాడి పరువు తీయవద్దని, ముసలామె గుండె ఆగిపోతుందని రాశావు. నీ మాట దాటాను, క్షమించు.

మొన్న గురువారం కూటంలో సత్తెమ్మ తన గోడు చెప్పుకుంది. "నేను గూడ యాష్టకొచ్చి, సస్తే సావు అన్న నిన్న" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. లేచి నిలబడి మొత్తం చెప్పేశాను. అతనన్నది, నేనన్నది, చెప్పు విసిరేయడం, ఏదీ దాచలేదు. అత్తమ్మ వైపు మాత్రం చూడలేకపోయాను.

నేను ముగించీ ముగించకముందే సత్తెమ్మ లేచి ఇంటికి పరుగెత్తింది. మేడమూ నేనూ వెనకే వెళ్లాం. జంగయ్య ఉన్నాడు, అక్కా. గోడవైపే తిరిగి ఉన్నాడు. సత్తెమ్మ అతని కాళ్ల దగ్గర కూర్చుని, "ఇగ నేనేమనను. నువ్వేమన్నా చెప్పు, నేను వింట" అని ఏడుస్తున్నది. మర్నాడు మేడమ్ వాళ్లిద్దరినీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. మందులు రాశారు. గుణం కనిపించడానికి వారాలు పడుతుందట, అప్పటిదాకా ఒంటరిగా వదలొద్దన్నారు. సత్తెమ్మ పనికి పోయిన పూట నేనో, ఇంకొకరో వెళ్లి అతని దగ్గర కూర్చుంటున్నాం. ఊళ్లో కొందరు మాది పిచ్చోళ్ల కూటమంటున్నారు. ఇకముందు రామని ఐదారుగురు చెప్పేశారు.

అత్తమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆదివారం నేను చర్చికి పోకుండా ఆమె దగ్గరే ఉండిపోయాను. ఆమె మంచం మీద నుంచి నెమ్మదిగా అంది:

"గా చెర్ల గొడ్లు గూడ మూతి పెట్టయి. కంపెనీల మురికి కలిసి నల్లగైన నీళ్లు. నా కొడుకు గా నీళ్లల్ల కాళ్లు కడుగనీకి దిగిండంటే నేను నమ్మిననుకున్నవా?"

"మరి నాలుగేండ్లు నన్నెందుకు అడగలే అత్తమ్మా?"

"ముందురోజు వాడు నాతోని గూడ అన్నడు బిడ్డా. మొగోడివి, గట్లేడిస్తె ఇజ్జత్ పోతది, లేసి మొకం కడుక్కో అన్న. నిన్నడిగితె నాది నేను చెప్పాలె గద."

ఆమె నన్ను కాపాడుతున్నదో, తనను తాను కాపాడుకుంటున్నదో నాకు తెలియదు. ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే గదిలో పడుకుని, ఇద్దరం ఒకరికొకరు భయపడుతూ బతికాం. నా తప్పు సగం ఆమెకు పోయిందని నాకు ఊరటేమీ కలగలేదు. అతను ఇద్దరికీ చెప్పుకున్నాడు, ఇద్దరం వినలేదు. అప్పటిదాకా విననిది నేనొక్కదాన్నే అనుకున్నాను.

సాయంత్రం సంఘ పెద్ద బర్నబా వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "దయావతీ, షెడ్డుల చెప్పింది నిజమేనా?" అని అడిగాడు. అత్తమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చింది.

"నిజమే. నా కొడుకు పానం బాగలేక పోయిండు. ఇప్పుడేం జేస్తరు బర్నబా, తవ్వి తీస్తరా?"

బర్నబా తల వంచుకుని వెళ్లిపోయాడు. సంఘం ఏం నిర్ణయిస్తుందో తెలియదు. ఏమన్నా అనుకోనీ.

వచ్చే గురువారం తనది తానే చెబుతానని అత్తమ్మ అంటున్నది. ఆమెకు గొంతు వణుకుతుంది, మధ్యలో ఆగిపోతుంది. ఎంతసేపు పట్టినా పక్కన కూర్చుని వింటాను.

ఇట్లు,
దయ